లైకుల లెక్క పక్కన పెట్టండి: ఆరోగ్య ప్రచార విభాగం సంచాలకులకు బహిరంగ లేఖ

అయ్యా,

అవయవదానంపై మీ విభాగం పెట్టిన పోస్టు చూశాను. దీపం బొమ్మ, రెండు మంచి మాటలు, కింద హ్యాష్‌ట్యాగ్. దాతగా పేరు ఎక్కడ నమోదు చేసుకోవాలో మాత్రం లేదు. మరి 'విశేష స్పందన' అని మీరు మురిసిపోతున్నది దేన్ని చూసి?

సామాజిక మాధ్యమాల్లో ప్రచారమంతా వృథా అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. 2012 మే 1న ఫేస్‌బుక్, అవయవదాతలమని ప్రకటించుకునే వీలు కల్పించి, పక్కనే అధికారిక నమోదుకు లింకు ఇచ్చింది. అమెరికాలో ఆ ఒక్కరోజే 13,054 మంది కొత్తగా ఆన్‌లైన్‌లో నమోదయ్యారు. మామూలు రోజుకంటే 21 రెట్లు! తర్వాతి రోజుల్లో ఆ ఊపు తగ్గిందనుకోండి, అయినా చేరినవారు చేరినట్టే. 2014లో నెత్తిన ఐసు నీళ్లు కుమ్మరించుకునే సవాలును చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు. కండరాలను క్రమంగా చచ్చుబడేలా చేసే ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుపై పనిచేసే అమెరికా సంస్థ ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు దానివల్ల వచ్చిన విరాళాలు 11.5 కోట్ల డాలర్లు.

ఇక పిల్లల్ని ఎత్తుకెళ్లి సైనికులుగా మార్చిన ఉగాండా తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీని పట్టుకోవాలంటూ 2012లో వచ్చిన వీడియోను వారం తిరక్కుండా పది కోట్లసార్లు చూశారు. ఏళ్లు గడిచినా అతడు దొరకలేదు. చూసినవారిలో చాలామంది చేయగలిగింది ఇంకొకరికి పంపడమే మరి.

కాబట్టి తర్వాతి పోస్టులో నమోదు లింకు పెట్టండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచమనండి. పేరు నమోదై ఉన్నా చాలాచోట్ల ఆసుపత్రివారు చివరికి అడిగేది కుటుంబాన్నే. మీ నెలవారీ నివేదికలో లైకుల గడి తీసేసి, కొత్త దాతల గడి చేర్చండి. మొదటి నెల అంకె చిన్నదే వచ్చినా దాచకుండా ప్రకటించండి.

ఇట్లు,
నమోదైన ఒక దాత