మారిషస్ ట్రిప్: బీచ్‌లతో పాటు ఇవీ చూద్దాం

అందరికీ నమస్కారం. మారిషస్‌లో రోజులన్నీ బీచ్‌లకే ఇచ్చేయొద్దని నా మనవి. అగ్నిపర్వతాల లావాతో పుట్టిన దీవి అది. ఆ సంగతి కళ్ళారా చూడాలంటే షామరెల్ వెళ్ళాలి. అక్కడ లావా గట్టిపడి ఏర్పడిన బసాల్ట్ రాయి ఏళ్ళ తరబడి శిథిలమై మట్టిగా మారింది. అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల దిబ్బలు ఎరుపు, గోధుమ, ఊదా రంగుల్లో కనిపిస్తాయి. ఎండ ఉన్నప్పుడే వెళ్దాం. కంచె దాటొద్దని పిల్లలకి ముందే చెప్పండి.

గంగా తలావ్ అగ్నిబిలంలో నిలిచిన సరస్సు. దగ్గర్లోనే 108 అడుగుల శివుడి విగ్రహం. ఎత్తు ప్రదేశం కాబట్టి స్వెటర్, గొడుగు ఉంచుకోండి.

పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్ మాత్రం దయచేసి ఎవరూ మానొద్దు. 1834 నుంచి ఒప్పందం మీద వచ్చిన చెరకు తోటల కూలీలు దిగిన చోటు అది. వాళ్ళలో మన కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటోంది, ఆ రోజు దేశమంతా సెలవు. వాళ్ళు ఎక్కిన రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. అక్కడ తొందరపడకుండా సగం పూటైనా ఉందాం. ఏ రోజు వీలో ఇక్కడే చెప్పండి, బండి మాట్లాడాలి.