సీనాకు, మంచు మిషన్ గురించి

తిరుపతి,
అక్టోబరు, పొద్దున

ఒరేయ్ సీనా,

జాబు ఆలస్యమైంది, తిట్టుకో. బ్రహ్మోత్సవాల రద్దీలో ఊరికే ఊపిరాడలేదు, ఇంక నాకేం ఆడతాది. అమ్మ బాగుండాది. పాపకు పరీక్షలు. తోతాపురి రేటు మాత్రం అడగొద్దు. ఇదంతా తర్వాత. నువ్వు తొందరపడి ఆ స్నో బ్లోయర్, అదే వాకిట్లో మంచు తోడి విసిరే మిషన్, కొనేస్తావేమో అని నా భయం.

నువ్వు పంపిన కాగితాల్లో హార్స్‌పవర్ కింద గీతలు గీసినావు. చెరిపెయ్. మీ కెనడా విన్నిపెగ్‌లో మైనస్ 30 చలికి ఇంజన్ లేస్తుందా లేదా అనేది హార్స్‌పవర్ తేల్చదు. ఇంజన్ పక్కన మూడు పిన్నుల ప్లగ్గు సాకెట్టు ఉందా అని చూడు ముందు. ఇంటి 120 వోల్టుల కరెంటుకు వైరు తగిలించి బటన్ నొక్కే స్టార్టర్ అది. చలికి బ్యాటరీ సత్తువ తగ్గిపోతాది, గోడ కరెంటుకు ఆ బాధ లేదు. వైరు ముందు మిషన్‌కు, తర్వాత గోడకు. తీసేటప్పుడు గోడ దగ్గర ముందు. ఐదు సెకన్లకు మించి నొక్కొద్దు, లేవకపోతే నిమిషం ఆగు, లేకుంటే స్టార్టర్ మోటారు కాలిపోతాది. చేత్తో లాగి లేపే తాడు కూడా ఉండాల్సిందే, కరెంటు పోయిన రోజుకు. అయినా నీ తాడు లాగే మొగోడితనం కపిలతీర్థం దగ్గర చూసినాం కదా. నేను ఎవురికీ చెప్పలేదులే, ఇప్పటిదాకా.

ఇంక ఆయిలు. ఇక్కడే శానామంది మోసపోతారు. డబ్బా మీద 5W-30 లాంటి రాతలో W ముందుండే అంకే నీకు ముఖ్యం. అది చిన్నదయ్యేకొద్దీ చలికి ఆయిలు పల్చగా ఉంటాది. చలిలో ఇంజన్ తిరుగుతాదా అని చూసే పరీక్ష 10Wకు మైనస్ 25 డిగ్రీల దగ్గర, 5Wకు మైనస్ 30 దగ్గర, 0Wకు మైనస్ 35 దగ్గర పెడతారు. మంచు ఇంజన్లకు మామూలుగా 5W-30 చెప్తారు. నీ ఊరికి మాన్యువల్ ఒప్పుకుంటే 0W-30 సింథటిక్ పొయ్యి. 10W-30 పోసినావంటే ఆ చలికి అది ముదిరిన బెల్లం పాకమే, తాడు లాగితే భుజం ఊడొస్తాది.

పెట్రోలు సంగతి ఇంకా ఘోరం. బంకోళ్లు చలికాలంలో బిరాన ఆవిరయ్యే రకం అమ్ముతారు. జులైలో డబ్బాలో మిగిలింది డిసెంబరులో పోస్తే సరిగ్గా ఆవిరి కాదు, ప్లగ్గు ఎంత మంచిదైనా అంటుకోవడం కష్టం. అందుకే మంచు పడే ముందు కొత్త పెట్రోలు తెచ్చుకో, పెట్రోలు చెడిపోకుండా చూసే స్టెబిలైజర్ కలుపు. ఇథనాల్ లేనిది దొరికితే జాస్తి మేలు. ఇథనాల్ తేమను పీలుస్తాది, నీళ్లు ఎక్కువైతే విడిపోయి కార్బురేటర్ గిన్నె అడుగున చేరతాయి. రాత్రికి అవి గడ్డకడితే పెట్రోలు పోయే జెట్టు రంధ్రం మూసుకుపోతాది. పొద్దున నువ్వు స్పార్క్ ప్లగ్గును తిడతా ఉంటావు! సీజన్ అయిపోయినాక గిన్నె బోల్టు విప్పి పెట్రోలంతా వంపెయ్, లేదా పెట్రోలు కాక్ మూసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడుపు.

ఎయిర్ ఫిల్టర్ లేదేందని కొట్టోడితో గొడవ పెట్టుకోవద్దు. శానా మంచు ఇంజన్లకు ఉండదు, ఉంటే దాని మీద మంచు పేరుకుని గాలి ఆగిపోతాది. దాని బదులు కార్బురేటర్ చుట్టూ రేకు పెట్టె ఉండాలి. సైలెన్సర్ వేడి దానికి తగిలి లోపల ఐసు పట్టదు. పాతది కొనేటప్పుడు ఆ రేకు పీకేసి ఉంటే వదిలేసి వచ్చెయ్.

స్టార్టుకు ముందు పెట్రోలు లోపలికి నెట్టే ప్రైమర్ బుడ్డిని కూడా నొక్కి చూడు. రబ్బరు చలికి గట్టిపడి చీలిపోతాది. చీలితే పెట్రోలు లోపలికి పోదు. స్టార్టు చేసేటప్పుడు కాక్ తెరువు, చోక్ పూర్తిగా, త్రాటిల్ ఫాస్ట్‌లో, బుడ్డి రెండు మూడు సార్లు నొక్కు, ముందరి కత్తిని తిప్పే లివరు వదిలేసి ఉంచు. లేచినాక చోక్ మెల్లిగా తగ్గించు, ఒకేసారి కాదు. ఈథర్ స్ప్రే జోలికి పోవద్దు. మన పాత బజాజ్ స్కూటరు వైద్యం, పక్కకు వంచడం, దీనికి పనికిరాదు. ఇంకోటి, గ్యారేజీలో స్టార్టు చెయ్యొద్దు, తలుపు తీసినా సరే. ముందు బయటికి తొయ్యి. ఆ పొగకు వాసన ఉండినా లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉంటాది.

అరియెన్స్ కంపెనీ మిషన్లలో ఈఎఫ్ఐ మోడళ్లు ఉన్నాయి, అంటే కార్బురేటర్ బదులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్మేవి. చోక్ లేదు, ప్రైమర్ లేదు, ఎంత పెట్రోలు పోవాలో కంప్యూటరే చూసుకుంటాది. డబ్బుకు వెనకాడకపోతే అదే తీసుకో. బ్యాటరీ మిషన్లు బటన్ నొక్కితే లేస్తాయి, నిజమే. కానీ లిథియం బ్యాటరీని సున్నా కిందికి పోయిన చోట ఛార్జి పెట్టకూడదు, ఇంట్లోకి తెచ్చుకోవాలి. పైగా చలికి పని సమయం తగ్గిపోతాది. నీ గేటు ముందు రోడ్డు మంచు తీసే ప్లావు బండి తోసిపోయే గట్టి గుట్టకు అది నిలబడదని నా లెక్క. రెండు స్టేజీల పెట్రోలు మిషనే కొను, అంటే ముందు కత్తి మంచును లాగితే వెనక ఫ్యాను విసిరేది.

పని అయిపోయినాక ఊరికే ఆపెయ్యొద్దు. కత్తిని కాసేపు ఖాళీగా తిప్పి లోపలి మంచంతా విసిరెయ్యి. ఇంజన్ ఆపినాక తాడు రెండు మూడు సార్లు లాగు, లేకుంటే తాడు చుట్టుకునే రీకాయిల్‌లో తడి గడ్డకట్టి మరుసటి రోజు తాడు కదలదు. మిషన్‌ను వెచ్చటి గదిలోకి తోసి సగం కరిగినాక మళ్లీ చలిలో పెట్టినా ఇదే గతి.

షియర్ పిన్నులు మర్చిపోయినా! కత్తికి రాయి తగిలితే గేర్‌బాక్సును కాపాడేందుకు అవే తెగుతాయి, వాటి స్థానంలో మామూలు స్టీలు బోల్టు ఎక్కించొద్దు. ఇంకో జత కొనిపెట్టుకో, నీ మిషన్ నంబరుకు సరిపోయేవే. బెల్టు గురించి కూడా రాయాలనుకున్నా, మా తమ్ముడు చెప్పులేసుకుని నిలబడినాడు, పోస్టాఫీసుకు పోతాడంట. కొనే ముందు మోడల్ పేరు పంపు.

నీ గిరి