కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: ‘ఆ రోజు మీరెక్కడ?’

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనుల వివరాలివి. మామూలు పనుల సంగతి ముందుగా చెప్పేస్తాను. ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోతే కొత్తది వేయించాం. పార్కు ప్రహరీ పూర్తయింది, గేటు మాత్రం ఇంకా రాలేదు. వెల్డింగ్ ఆయన ఎప్పుడడిగినా ‘రేపు’ అంటున్నాడు. కంటి పరీక్షల శిబిరం, బతుకమ్మ బాగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో నోటీసు బోర్డు మీద ఉంది. అనుమానాలుంటే కోశాధికారి గారిని అడగగలరు.

ఈ ఏడాది అందరూ మాట్లాడుకున్నది మాత్రం నవంబరు 3న కమ్యూనిటీ హాల్లో జరిగిన ‘ఆ రోజు మీరెక్కడ?’ కార్యక్రమం గురించే. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

ఇందిరా గాంధీ హత్య జరిగి 2024 అక్టోబరు 31కి 40 ఏళ్లు. సంగారెడ్డి చుట్టుపక్కల వాళ్లకు ఆవిడ ప్రధానమంత్రి మాత్రమే కాదు, ఓటేసి గెలిపించుకున్న ఎంపీ కూడా. 1980లో రాయ్‌బరేలీలోనూ మెదక్‌లోనూ గెలిచి, మెదక్‌ను ఉంచుకున్నారు. ఇక్కడ ఆవిడ మీద పోటీ చేసి ఓడిపోయింది ఎస్. జైపాల్ రెడ్డి. మన కాలనీలో చాలామంది పనిచేసి రిటైరైన ఎద్దుమైలారం ఆర్డినెన్స్ (రక్షణ ఉత్పత్తుల) ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది కూడా 1984లోనే, ఆవిడ చేతుల మీదుగానే. కాబట్టి ఆ రోజు జ్ఞాపకాలను రికార్డు చేసి పెడదామని కార్యవర్గంలో అనుకున్నాం. ఈసారి అక్టోబరు 31నే దీపావళి రావడంతో ఆదివారానికి మార్చాం. 1984లో అంత్యక్రియలు జరిగింది కూడా నవంబరు 3నే అని తర్వాత ఒకరు గుర్తుచేశారు.

పిల్లలకు ప్రశ్నలు రాసిచ్చి, ఫోన్లలో రికార్డు చేయమన్నాం. వాళ్లు మేం రాసిచ్చినవి పక్కన పెట్టి సొంత ప్రశ్నలు వేశారు. ‘టీవీ లేదు, ఫోన్ లేదు, మరి మీకెలా తెలిసింది?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. పొద్దున పదింటికే ఆకాశవాణిలో మరణవార్త విన్నామని నలుగురైదుగురు ఖాయంగా చెప్పారు. నిజానికి సఫ్దర్‌జంగ్ రోడ్డులో కాల్పులు జరిగింది ఉదయం తొమ్మిదింపావు దాటాక. ఎయిమ్స్‌లో మరణించినట్టు నిర్ధారించింది మధ్యాహ్నం రెండు దాటాక. బీబీసీ అంతకుముందే చెప్పేసినా, ఆకాశవాణి సాయంత్రం ఆరింటికి గానీ చెప్పలేదు. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ కూడా ట్రాన్సిస్టర్‌లో బీబీసీనే వినాల్సి వచ్చింది.

ఈ తేడా మీద హాల్లో కొంచెం వేడి పుట్టింది. ‘నేను చెవులారా విన్నాను, నువ్వు అప్పుడు పుట్టనే లేదు’ అని ఒక పెద్దాయన మా సహాయ కార్యదర్శి మీద గట్టిగానే లేచారు. సైకాలజీ లెక్చరర్‌గా చేసిన సభ్యురాలు లేచి సర్దిచెప్పారు. 1986 జనవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలిపోయిన మర్నాడే ఉల్రిక్ నైసర్ అనే శాస్త్రవేత్త, ‘వార్త తెలిసినప్పుడు ఎక్కడున్నారు?’ అని విద్యార్థుల చేత రాయించి పెట్టుకున్నాడట. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ ఏ సందేహమూ లేకుండా. తమ చేతిరాత తమకే చూపించినా ‘నాకు ఇలాగే గుర్తుంది’ అన్నారట కొందరు. పెద్దాయన అంతా విని, ‘వాళ్లు పిల్లలు, మర్చిపోయి ఉంటారు’ అన్నారు. అక్కడితో ఆ చర్చ ముగించి టీ ఇచ్చేశాం.

అందరూ నవ్వింది మాత్రం ఆవకాయ దగ్గర. ఒక పెద్దమ్మ, తాను మామిడి ముక్కలు బట్టతో తుడుస్తూ ఉంటే మరిది పరిగెత్తుకొచ్చి ఇందిరమ్మను చంపేశారని చెప్పాడని, ఆ ఏడు ఆవకాయ సరిగా కుదరలేదని వివరంగా చెప్పారు. ‘అక్టోబరులో ఆవకాయేంటి వదినా!’ అని వెనక వరసలోంచి ఒకావిడ అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘అయితే అది రాజీవ్ అయ్యుంటాడు’ అన్నారు. అదే నిజం. రాజీవ్ హత్య 1991 మే 21 రాత్రి జరిగింది, ఆవకాయ రోజులే. మరి ఇందిర పోయినప్పుడు ఆవిడ ఎక్కడున్నారన్నది ఇంకా తేలలేదు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసిన సభ్యుడి మాటలు మాత్రం అచ్చంగా కళ్లకు కట్టాయి. పటాన్‌చెరు దగ్గర జనం బస్సు ఆపేశారు. దిగి నడిచి వెళ్లిన ప్రయాణికుల్లో టికెట్ డబ్బులు వెనక్కి అడిగినవాళ్లు లేరట. డిపోలో కలెక్షన్ కట్టించుకునే మనిషి లేక, క్యాష్ బ్యాగు తల కింద పెట్టుకుని, టికెట్ల ట్రే పొట్ట మీద పెట్టుకుని బస్సులోనే పడుకున్నారు. ‘ప్రధానమంత్రి పోయిందన్న బాధ కంటే చిల్లర లెక్క తప్పుతుందన్న టెన్షనే ఎక్కువుండె’ అని ఆయన చెప్పింది రికార్డులో అలాగే ఉంచాం. తీసేద్దామన్నారు కొందరు. అలాంటి మాటల కోసమే ఈ కార్యక్రమం పెట్టామని నా అభిప్రాయం.

ముందు ఈ కార్యక్రమాన్ని అక్టోబరు 31 ఒక్క రోజు జ్ఞాపకాలకే పరిమితం చేయాలనుకున్నాం. మాటల కోసం ఒక సిక్కు మిత్రుణ్ని పిలవడానికి వెళ్లినప్పుడు ఆ ఆలోచన మారింది. ఆయన మన సభ్యుల్లో కొందరికి ఉద్యోగంలో సహచరుడు, హైదరాబాద్‌లో అత్తాపూర్ సిఖ్ ఛావనీలో పుట్టి పెరిగినవాడు, మనకంటే మంచి తెలుగు మాట్లాడతాడు. ‘మీరు మొదటి రోజు గురించి అడుగుతున్నారు. మా ఇంట్లో దాని మర్నాటి నుంచే గుర్తుంది’ అన్నారు. ఢిల్లీలో ఉన్న మేనమామ గురించి ఉత్తరం వచ్చేదాకా వాళ్లమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లలేదట. ఇందిరను కాల్చింది సిక్కు అంగరక్షకులు కావడంతో, ఒక్క ఢిల్లీలోనే ఆ మూడు నాలుగు రోజుల్లో 2,733 మంది సిక్కులను చంపారని తర్వాత ప్రభుత్వమే లెక్క తేల్చింది. త్రిలోక్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి పేర్లు మన పిల్లలు మొదటిసారి విన్నది ఆ రోజే. ఆయన రాననే అన్నారు గానీ చివరికి వచ్చి, కాసేపు మాట్లాడి, భోజనానికి ఉండకుండా వెళ్లిపోయారు.

అప్పట్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిగా ఢిల్లీ ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో ఉన్న మన సభ్యుడొకరు, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి ఆ తర్వాత చెప్పారు. పక్కింటి సర్దార్జీ కొడుకును నవంబరు 1 సాయంత్రం వీళ్లింట్లోకి తెచ్చుకున్నారు. ఆయన భార్య ఆ పిల్లాడి జుట్టు విప్పి, నూనె రాసి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, తమ అమ్మాయి గౌను తొడిగారు. జడలు లాగి బిగించేటప్పుడు వాడు నొప్పికి ఏడవలేదని, గౌను వేస్తుంటే మాత్రం ఏడ్చాడని చెప్పారు. ఆ భార్యగారు పక్కనే కూర్చుని ‘ఎర్ర రిబ్బన్లు కాదండీ, నీలం’ అని సరిచేశారు. రంగు విషయంలో ఎవరూ రుజువులు అడగలేదు.

నాకు వ్యక్తిగతంగా ఆసక్తి కలిగించిన సంగతి ఇంకొకటుంది. అదే 1984 డిసెంబరు ఎన్నికల్లో దేశమంతా సానుభూతి గాలి వీచి కాంగ్రెస్ 400 సీట్లు దాటితే, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో 42కి 30 తెలుగుదేశం గెలిచింది. ఇందిర సొంత మెదక్ కూడా వాటిలో ఉంది. ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూల్చిన కోపం జనంలో ఇంకా చల్లారలేదు. ‘ఏడ్చింది నిజమే, ఓటు సైకిల్‌కేసిందీ నిజమే’ అని ఒకరు అంటే చాలా తలలు ఊగాయి. ఈ రెండూ ఒకే మనుషులు ఎలా చేశారని పదో తరగతి అమ్మాయి అడిగింది. పెద్దవాళ్లు తలా ఒక జవాబు చెప్పారు గానీ ఆ పిల్ల ముఖం చూస్తే నమ్మినట్టు లేదు.

రికార్డింగులను రాతలోకి ఎక్కించే పని నడుస్తోంది. జ్ఞాపకాలను దిద్దకూడదని, ఎవరు ఎలా చెప్పారో అలాగే ఉంచి, ఆ నాలుగు రోజుల్లో ఏ వేళకు ఏం జరిగిందో ఒక పేజీ మొదట్లో చేర్చాలని కార్యవర్గం తీర్మానించింది. పెద్దాయన పదింటి రేడియో, పెద్దమ్మ ఆవకాయ రెండూ ఉంటాయి. సిక్కు మిత్రుడి మాటలు ఆయన అనుమతి వచ్చాకే చేరుస్తాం. ఇంకా అడగలేదు.

ప్రదర్శనకు తెచ్చిన పాత పేపర్లు, తోలు కవరున్న రెండు ట్రాన్సిస్టర్లు ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. యజమానులు సంతకం చేసి తీసుకెళ్లగలరు. వచ్చే ఏడాది ఏ రోజు గురించి పెట్టాలో సూచనలు పెట్టెలో వేయండి. ఇప్పటికి వచ్చినవాటిలో 1977 నవంబరు దివిసీమ ఉప్పెనకు ఎక్కువ మద్దతుంది. పిల్లలు మాత్రం 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ కావాలంటున్నారు, పళ్లేలు తామే తెస్తారట.

వార్షిక చందా బాకీ ఉన్నవారు సర్వసభ్య సమావేశం లోపు చెల్లించాలి. బాకీ ఉంటే కార్యవర్గ ఎన్నికల్లో ఓటు ఉండదు.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి