మేత బీళ్ల కొలతలు: సభ్యులకు మనవి

అందరికీ నమస్కారం. బీట్లో మేత ఎంతుందో అంచనా వేయడానికి చేసే ఈ విడత గడ్డి కోతకు అందరం నేలమీద పరిచే 50×50 సెంటీమీటర్ల చదరపు ఫ్రేమే వాడదాం. గడ్డి ఏపుగా ఉన్నచోట చూసి పెట్టకండి. అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఆగినచోటే వేయండి, బోడినేల వచ్చినా సరే. గడ్డి కుదురు (మొదలు) ఫ్రేము లోపలుంటేనే కోయాలి. బయటి దుబ్బు నుంచి లోపలికి వాలిన ఆకులు లెక్కలోకి రావు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నిరుటి ఎండు పోచలు విడిగా తీయండి.

కాగితం సంచులే వాడండి, ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి బూజొస్తుంది. 60 డిగ్రీల్లో 48 గంటలు ఆరబెట్టి, సంచి బరువు తీసేసి తూచండి. ఒక్కో ఫ్రేముకు వచ్చిన సగటు గ్రాములను 40తో గుణిస్తే హెక్టారుకు ఎన్ని కిలోల ఎండు గడ్డో తెలుస్తుంది. అందులో సగానికి మించి మేతకు లెక్కేయొద్దు. 400 కిలోల ఆవుకు రోజుకు సుమారు 10 కిలోల ఎండు మేత కావాలి. పచ్చి బరువుతో లెక్కేస్తే మోసపోతాం, లేత గడ్డిలో ముప్పాతిక వంతు నీళ్లే.