ఆ ఏడు కార్ల వాళ్ళకూ, మన షెడ్డుకు వచ్చే అందరికీ

అందరికీ నమస్కారం. అనంతపురంలో 17 ఏళ్ళుగా మీ కార్లు చూసుకుంటున్న మీ మెకానిక్‌ని రాస్తున్నాను. జనవరి నుంచి మార్చి దాకా మన షెడ్డులో ఏడు ఆటోమేటిక్ కార్లకు గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాం. ఆ ఏడింటిలోనూ పోసింది సరైన ఆయిల్ కాదు. క్యాన్ మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. పంపింది సప్లయరే అయినా, మీ కారులో పోసింది నేను. అందుకే ఏడింటికీ నా ఖర్చుతోనే మళ్ళీ మారుస్తున్నాను. ఐదుగురికి ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరి నంబర్లు కలవడం లేదు. వాళ్ళకు ఈ మాట చేరాలి. మిగతావాళ్ళు కూడా దీన్ని ఎవరి నోటి నుంచో కాకుండా నా దగ్గరే వినాలి.

సంగతి బయటపడింది హెడ్మాస్టర్ సార్ కారు వల్ల. రిటైరయ్యారు, మోకాళ్ళ నొప్పులు, క్లచ్ తొక్కలేక 2010 మోడల్ ఆటోమేటిక్ సెడాన్ కొనుక్కున్నారు. నెలకోసారి కూతురిని చూడటానికి బెంగళూరు వెళ్ళొస్తారు. జనవరిలో వచ్చి, హైవే మీద 60, 70 స్పీడులో కారు వణుకుతోందన్నారు. నున్నటి రోడ్డు మీద కూడా టోల్ గేటు ముందు వేసే తెల్ల గీతల మీద పోతున్నట్టుందట.

వణుకు అనగానే గేర్‌బాక్స్ మీద తోసేయడం నాకు అలవాటు లేదు. ఇంజన్‌లో నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గులు తీసి చూశాను, వాటికి కరెంటిచ్చే కాయిల్స్ చూశాను. ఇంజన్ సరిగ్గా మండకపోయినా లోడు మీద ఇలాగే కొట్టుకుంటుంది. ఇంజన్ మౌంటింగ్‌లు చూశాను. అవి పోతే బండి నిలబెట్టి డి (ముందుకు పోయే గేరు) లో పెట్టినప్పుడే వణుకు తెలుస్తుంది. అన్నీ బాగున్నాయి. అప్పుడు సార్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తపోవనం దగ్గర హైవే ఎక్కాను. రాప్తాడు దాటాక, వెనక బండ్లు లేనప్పుడు, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకును తాకీ తాకనట్టు తాకాను. బ్రేక్ పడలేదు, వెనక లైటు వెలిగేంత మాత్రమే. వణుకు చప్పున ఆగింది. కాలు తీశాను. రెండు మూడు క్షణాల్లో మళ్ళీ మొదలైంది. మరూరు టోల్ గేటు చేరేలోపు నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ అంతే. (ఇది మీరు సొంతంగా చేయొద్దు, హైవే మీద ప్రమాదం. నా దగ్గరికి రండి, పక్కన కూర్చోబెట్టి చూపిస్తాను.)

అలా ఆగిందంటే అది టార్క్ కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ వణుకు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య మామూలుగా ఆయిలే బలాన్ని మోస్తుంది. స్పీడు నిలకడగా ఉన్నప్పుడు లోపల ఒక ప్లేటు వచ్చి రెండింటినీ నేరుగా పట్టుకుంటుంది. బ్రేకు తాకగానే ఆ పట్టు వదిలేస్తుంది. ఆ ప్లేటు మెత్తగా పట్టుకోవాలంటే ఆయిల్‌లో దానికి తగ్గ మందు ఉండాలి. ఆయిల్ పాతబడితే పాకుడు పట్టిన చేద తాడు చేతిలో జారి, దొరికి, మళ్ళీ జారినట్టు అవుతుంది. సెకనులో ఎన్నోసార్లు. అదే మీకు కూర్చున్న సీటులో తెలిసే వణుకు.

ఆయిల్ నల్లబడింది, కాస్త మాడు వాసన కూడా. మార్చి పంపాను. ఓ 300 కిలోమీటర్లు బాగానే నడిచింది. తర్వాత వణుకు తిరిగొచ్చింది, ఈసారి 50 స్పీడుకే. సార్ షెడ్డు ముందు బండి ఆపి, దిగకుండానే, "ఏమప్పా, రోగం నయం చేసి పంపినావా, ఇంకోటి అంటించి పంపినావా?" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

ఇక్కడే వారం రోజులు నలిగిపోయాను. బెంగళూరులో గేర్‌బాక్స్‌లు మాత్రమే చేసే ఒకాయనకు ఫోన్ చేస్తే, కన్వర్టర్ పోయింది, దించి పంపించు, అన్నీ కలిపి లక్షా పదివేలు అన్నాడు. మా బామ్మర్ది కూడా అదే మాట. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే, లాకప్ పడ్డాక (ఆ ప్లేటు పట్టుకున్నాక) కూడా ఇంజన్ తిరిగేదానికీ గేర్‌బాక్స్ షాఫ్ట్ తిరిగేదానికీ తేడా పోవడం లేదు, పెరుగుతూ తగ్గుతూ ఆడుతోంది. అంటే ప్లేటు జారుతోంది. కాగితం మీద చూస్తే దించేయడమే న్యాయం. పెన్షన్ డబ్బులతో బతికే మనిషికి లక్షా పదివేలు అని చెప్పడానికి రెండుసార్లు ఫోన్ తీశాను, రెండుసార్లూ పెట్టేశాను. ఒకటే అనుమానం. ప్లేటే అరిగిపోయి ఉంటే మొదటి 300 కిలోమీటర్లు ఎలా బాగుంది? పాత నల్ల ఆయిల్‌తో 60కి వచ్చిన వణుకు, కొత్త ఆయిల్‌తో 50కే ఎందుకొచ్చింది? గేర్‌బాక్స్ ఒకసారి దించితే ఈ ప్రశ్నకు జవాబు ఇక ఎప్పటికీ దొరకదు. కొత్త కన్వర్టర్‌తో పాటు కొత్త ఆయిల్ పడుతుంది, బాగైపోతుంది, తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నేను దించను అన్నాను. మొండితనం అన్నారు. అననీ.

ఆ రాత్రి షెడ్డు మూశాక ర్యాక్‌లో చూస్తే, జనవరిలో తెప్పించిన పది క్యాన్లలో రెండు సీలు తీయకుండా ఉన్నాయి. మరునాడు కారు కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లో అదే గ్రేడు ఆయిల్ లీటరు కొన్నాను. రెండూ ఒకేలాంటి గాజు సీసాల్లో మెడ దాకా పోసి, మూతలు బిగించి, పక్కపక్కన తలకిందులు చేశాను. కౌంటర్‌లో కొన్నదాంట్లో గాలి బుడగ గబుక్కున పైకి లేచింది. సప్లయర్ పంపిన దాంట్లో బద్ధకంగా, సగం దూరం కూడా రాలేదు. పదిసార్లు తిప్పాను. మా కుర్రాడి చేత తిప్పించాను. రంగు రెండిటిదీ ఒకటే ఎరుపు. లేబుల్ మీద గ్రేడు కూడా ఒకటే. అలాంటప్పుడు చిక్కదనం కూడా ఒకటే ఉండాలి కదా. ఆ కారు అడిగేది పలచటి ఆయిల్, మేం పోసింది పాతకాలపు మందపు రకం.

ఒక మాట దాచను. జనవరిలో మొదటి క్యాన్ విప్పినప్పుడు మూత కింద రింగు వదులుగా అనిపించింది. 11 ఏళ్ళుగా సరుకు తెచ్చుకుంటున్న మనిషి కదా అని ఊరుకున్నాను. ఆ ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ ఏడు కార్లు లేవు.

సప్లయర్‌కు ఫోన్ చేసి అడిగితే మొదట కంపెనీ మాలే అన్నాడు. సీసాల వీడియో పంపాను. అప్పుడు, స్టాకు లేక ఈక్వలెంట్ నింపించాను అన్నాడు. ఆఖరికి, "ఏముంది అన్నా, అంతా ఎర్ర ఆయిలే కదా" అన్నాడు. 11 ఏళ్ళలో ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు నేను. కరోనా లాక్‌డౌన్‌లో షెడ్డు మూతపడ్డప్పుడు కూడా అతని బాకీ మొదట కట్టి, తర్వాతే ఇంటి అద్దె కట్టాను. ఆ మనిషి నా పనిని ఎర్ర ఆయిల్ అనేశాడు. తర్వాతి బిల్లులో తగ్గిస్తానన్నాడు. తర్వాతి బిల్లు ఉండదని చెప్పాను. నట్టు కూడా అతని దగ్గర కొనను.

సార్ కారుకు అసలు ఆయిల్‌తో మళ్ళీ మొదలుపెట్టాం. గేర్‌బాక్స్ కింద ఆయిల్ దించే ప్లగ్గు విప్పితే సుమారు సగమే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. ఒకసారి మారిస్తే సగం కొత్తది, రెండోసారికి ముప్పాతిక, మూడోసారికి 87 శాతం. అందుకే మధ్యలో నడుపుతూ మూడుసార్లు మార్చాం. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే ప్యాన్ దించి, అందులోని మ్యాగ్నెట్లకు పట్టిన బూడిదలాంటి పొడి తుడిచాం. ఇనుప రవ్వలు లేవు, అదే నాకు ధైర్యం ఇచ్చింది. వేడి ఎంతున్నప్పుడు లెవెల్ చూడాలో కంపెనీ చెప్పినట్టే స్కానర్‌లో చూసుకుంటూ పోశాం. మొదటిసారికే వణుకు తగ్గింది, మూడోసారికి పోయింది. ఇప్పటికి 2,600 కిలోమీటర్లు తిరిగారు, బెంగళూరుకు రెండుసార్లు వెళ్ళొచ్చారు. ప్లేటు కొంత అరిగే ఉంటుంది, అది ఆయిల్‌తో తిరిగిరాదు. మళ్ళీ వణికితే కన్వర్టర్ మార్చాల్సిందే. ఆ పని కూలీ మాత్రం నేను తీసుకోనని సార్‌కు చెప్పాను.

మిగతా ఆరు కార్ల సంగతి ఎలా చెప్పాలా అని ఇంట్లో మాటలు నడిచాయి. "వాళ్ళకేం తెలుసు బావా, వచ్చే సర్వీసులో గమ్మున మార్చేయి" అన్నాడు బామ్మర్ది. వచ్చే సర్వీసు దాకా ఆ ఆయిల్‌తో మన ఎండల్లో తిరుగుతారు కదా. అంతే, ఆ మాట అక్కడితో ఆపేశాను. మాన్యువల్ గేర్లు విప్పుకునేవాడికి ఆటోమేటిక్‌లు ఎందుకని టీ కొట్టు దగ్గర ఒకరు అన్నారట. ఆటోమేటిక్ కార్లు చూడటం నేను ఆపడం లేదు.

ఇకనుంచి ఆటోమేటిక్ ఆయిల్ కంపెనీ కౌంటర్ నుంచే తెస్తాను. ధర కొంచెం ఎక్కువ పడుతుంది, ముందే చెబుతున్నాను. సీలు మీ ముందే తీస్తాం. ఖాళీ క్యాన్లు మీ డిక్కీలోనే పెట్టి పంపిస్తాం.

ఫోన్ కలవని ఆ ఇద్దరు: ధర్మవరం నుంచి ఫిబ్రవరిలో వచ్చిన తెల్ల సెడాన్ సార్, మీ అబ్బాయి పెళ్ళి పనుల మీద తొందరలో ఉన్నారు. ఇంకొకరు తాడిపత్రి మేడమ్, బూడిద రంగు కారు, వెనక బంపర్ మీద ఎడమ వైపు గీత ఉంది. వణుకు ఇంకా రాలేదని ఆగొద్దు. ఆదివారం కూడా షెడ్డు తీసే ఉంటుంది. మొదటి మార్పుకు ఒక పూట చాలు, మిగతా రెండూ మీరు తిరిగేదాన్ని బట్టి చూసుకుందాం. వాళ్ళు మీకు తెలిసినవాళ్ళయితే ఒక్క ఫోన్ చేసి చెప్పండి.