ఊళ్లో కోళ్లన్నిటికీ ఒకేరోజు టీకా వేయాలి

సంపాదకుడు గారికి,

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు యంత్రాంగమంతా కదిలింది, కదలవలసిందే. కానీ పెరట్లో పది పదిహేను నాటుకోళ్లు పెంచుకునే ఆడవాళ్లను ఏటా దెబ్బ తీస్తున్నది కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు). సంక్రాంతి దాటి ఎండలు ముదిరేలోపు అది ఊళ్లో అడుగు పెడితే, కోడి ముణగదీసుకుని, ఆకుపచ్చగా పారి, మెడ మెలిదిరిగి పడిపోతుంది. కొద్ది రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. సోకాక మందు లేదు, ముందుగా వేసే టీకా ఉంది.

చిక్కంతా టీకా సీసాతోనే. అందులో సాధారణంగా వంద, అంతకు మించి మోతాదులు ఉంటాయి. దాన్ని మంచులో పెట్టి తేవాలి, ద్రవంలో కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్ల కోసం ఎవరు తెప్పించుకుంటారు? కాబట్టి రైతు సేవా కేంద్రాల పశుసంవర్ధక సహాయకులు ముందురోజే దండోరా వేయించి, తెల్లవారుజామున గూళ్లు తెరవకముందే ఊరంతా తిరగాలి. వారం వయసు కోడిపిల్లలకు కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క, ఎనిమిది వారాలు నిండిన వాటికి ఆర్‌2బి అనే టీకా సూది వేయాలి. టాంజానియా, మొజాంబిక్ పల్లెల్లో వేడిని కొంత తట్టుకునే ఐ-2 టీకాను స్థానికులే చుక్కలుగా వేస్తున్నారు. ఇక్కడ అంత దూరం వెళ్లకపోయినా, ఒక తేదీ ఖరారు చేయడం పెద్ద పని కాదు.

తెగులు తగిలిన కోళ్లను చవగ్గా సంతకు తోలెయ్యడం, చచ్చినవాటిని తుప్పల్లో విసరడం కూడా ఆగాలి. మొదటిది జబ్బును పక్క ఊరికి మోస్తుంది; రెండోది కుక్కలనూ నక్కలనూ ఇళ్ల దాకా రప్పిస్తుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చడమే మార్గం.

ఇక కోడిపిల్లలను పంచే పెరటి కోళ్ల పథకాల సంగతి. గద్ద నీడ పడగానే తల్లికోడి కూత వేస్తే నాటు పిల్లలు రెక్కల కిందికి చేరతాయి. పథకంలో అట్టపెట్టెలో వచ్చిన పిల్లలకు ఆ తల్లి ఉండదు. పగలు గద్ద, కాకి, రాత్రి జంగుపిల్లి, ముంగిస వాటిని ఏరుకుపోతుంటే లబ్ధిదారుకు బాగా పెంచలేదన్న మాట మిగులుతుంది. విసిగి కొందరు విషపు ఎర పెడుతున్నారు. జంగుపిల్లికీ ముంగిసకూ వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్న సంగతి అటుంచితే, ఆ ఎర తిని చచ్చేది ఎక్కువగా ఊరి కుక్కలే. పిల్లలతో పాటు నేలకు ఎత్తుగా కాళ్ల మీద నిలిచే, సన్న కన్నుల జాలీ బిగించిన గూటికి కూడా ఆ పథకంలోనే సొమ్ము కేటాయించాలనీ, టీకా పూర్తయిన ఊళ్లకే పిల్లలను పంపాలనీ పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సాలూరు మండలం, పార్వతీపురం మన్యం జిల్లా