గ్లౌజులు వేసుకొని పాస్‌వర్డ్ కొట్టి చూడు

హైదరాబాద్,
ఆదివారం పొద్దున

ఒరే బావా,

నీ మెయిల్ శుక్రవారమే చూశాను. ఆఫీసు హడావిడిలో నాలుగు ముక్కలు రాసి పడేయడం ఇష్టంలేక ఇవాళ్టిదాకా ఆగాను. ఇంట్లో వాళ్లంతా పెళ్లికి వెళ్లారు. కాఫీ కలుపుకొని కూర్చున్నాను. పొడుగ్గానే రాస్తాను, తీరిగ్గా చదువు.

నువ్వు అడిగింది ఇదీ: "హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి చేంజ్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్‌ని కూడా పెట్టుకోమంటున్నారు. డిజైన్ అంతా అయ్యాక, యూఏటీ (వాడేవాళ్లే సిస్టంని పరీక్షించి చూసే దశ) టైంలో పిలిస్తే సరిపోదా? డిజైన్‌లో వాళ్లకేం పని?" సరిపోదురా. చేంజ్ మేనేజ్‌మెంట్ అంటే కొత్త పద్ధతికి మనుషులు అలవాటు పడేలా చూడటం, నేను చేసే పని అదే. ఎందుకు సరిపోదో నేను ఒక ఫ్యాక్టరీలో రాత్రిపూట నిలబడి నేర్చుకున్నాను. ఆ సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్త. మన హైదరాబాద్ చుట్టూ ఎన్ని ఫార్మా ప్లాంట్లున్నాయో నీకు తెలుసుగా, వాటిలో ఒకటి. టాబ్లెట్లు తయారుచేస్తారు. అక్కడ ప్రతి బ్యాచ్‌కీ ఒక రికార్డు ఉంటుంది, బీఎంఆర్ అంటారు. ఏ పొడి ఎంత తూచారు, ఎన్నింటికి కలిపారు, ఎవరు చేశారు, ఎవరు చెక్ చేశారు, అన్నీ అందులో రాసి సంతకాలు పెట్టాలి. అన్నేళ్లూ కాగితం మీద నడిచిన ఆ రికార్డుని కంప్యూటర్లోకి మారుస్తున్నారు. గో లైవ్‌కి, అంటే కొత్త సిస్టం వాడకం మొదలయ్యే రోజుకి, మూడు వారాల ముందు నన్ను పిలిచి, "ట్రైనింగ్ పెట్టండి, పోస్టర్లు వేయించండి, అందరికీ మెయిల్స్ పంపండి" అన్నారు. అన్నీ చేశాను. క్లాసులు బాగా జరిగాయి, ఆపరేటర్లందరూ టెస్టు పాసయ్యారు.

గో లైవ్ అయిన పది రోజులకే గొడవ మొదలైంది. పని జరిగిన టైముకీ, సిస్టంలో ఎంట్రీ పడిన టైముకీ పొంతన లేదు. ఒక్కోసారి ముప్పావుగంట తేడా. ఇది మామూలు ఆలస్యం కాదు బావా. ఫార్మాలో అల్‌కోవా అని డేటాకి ఐదు లక్షణాలు చెబుతారు. ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి స్పష్టంగా ఉండాలి, పని చేసినప్పుడే రాసి ఉండాలి, అసలు రికార్డే అయ్యుండాలి, తప్పు ఉండకూడదు. మూడోది పోతే ఆ బ్యాచ్ మీద నమ్మకమే పోతుంది. ఆ మందు ఎవరి ఇంట్లోనో ఎవరో వేసుకుంటారు కదా.

మీటింగులో అందరిదీ ఒకటే మాట: "ఆపరేటర్లు రెసిస్ట్ చేస్తున్నారు, ఇంకో రౌండ్ ట్రైనింగ్ ఇవ్వండి." నాకెందుకో మనసొప్పలేదు. ఆ రాత్రి సీ షిఫ్ట్‌కి వెళ్లి కూర్చున్నాను.

పొడిని గింజలుగా మార్చే గ్రాన్యులేషన్ గదిలో ఆపరేటర్ గౌను, మాస్కు, రెండు జతల గ్లౌజులు వేసుకొని ఉన్నాడు. కంప్యూటరేమో బయట కారిడార్‌లో ఉంది. నెట్‌వర్క్ కేబుల్ అక్కడిదాకానే వచ్చింది కాబట్టి అక్కడ పెట్టారు. ఒక్క ఎంట్రీ వేయాలంటే గ్లౌజులు తీసి, బయటికి వచ్చి, ఐడీ కొట్టి, పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్ కొట్టి, మళ్లీ లోపలికెళ్లి కొత్త గ్లౌజులు తొడుక్కోవాలి. షిఫ్ట్‌లో పదిసార్లు. అందుకే ఆ మనిషి అంకెలన్నీ బుర్రలో పెట్టుకొని, వీలు దొరికినప్పుడు ఒకేసారి ఎక్కిస్తున్నాడు. పెద్దాయన, ఇరవై ఏళ్లకు పైగా అదే పని చేస్తున్నాడు. నాతో అన్నాడు: "సార్, రాయడం మాకు కష్టం కాదు. చెయ్యి ఖాళీ లేదు."

ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుందిరా.

పాస్‌వర్డ్ సంగతి ఇంకా బాధ. ఎలక్ట్రానిక్ సంతకాల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో పెట్టిన రూల్ ఒకటుంది, 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11. లాగిన్ అయిన మనిషి ఆగకుండా వరసగా సంతకాలు పెడుతుంటే, మొదటి సంతకానికి ఐడీ, పాస్‌వర్డ్ రెండూ కావాలి, తర్వాతి వాటికి ఆ మనిషి మాత్రమే వాడగలిగేది ఒక్కటి, అంటే పాస్‌వర్డ్ చాలు అని అందులోనే ఉంది. మా డిజైన్‌లో ప్రతి సంతకానికీ రెండూ పెట్టేశారు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ డిజైన్ టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లలో గ్లౌజులు వేసుకొని ఎనిమిది గంటలు నిలబడ్డవాళ్లు ఒక్కరూ లేరు, అంతే. అప్పటికే సిస్టం వాలిడేషన్ (అనుకున్నట్టే పనిచేస్తోందని పరీక్షించి రుజువు చేయడం) అయిపోయింది. చిన్న మార్పు చేయాలన్నా దానికి అనుమతి తీసుకునే చేంజ్ కంట్రోల్ ఫారాలు, మళ్లీ టెస్టింగ్, మళ్లీ డాక్యుమెంట్లు. గదిలో పెట్టడానికి వీలైన స్క్రీన్ తెప్పించి, సంతకం పద్ధతి మార్చేసరికి నెలలు పట్టింది. స్క్రీన్లు ఇంకా కాగితం మీద బొమ్మలుగా ఉన్నప్పుడు అడిగి ఉంటే ఒక పూట పని.

(చేంజ్ కంట్రోల్ అన్నాను కదా, అది వేరు, నేను చేసే చేంజ్ మేనేజ్‌మెంట్ వేరు. మీ ఐటీలో సర్వర్ మార్పులకి అనుమతులిచ్చే చేంజ్ మేనేజ్‌మెంట్ ఇంకోటి. మొదటి మీటింగులోనే ఈ మూడూ విడదీసి చెప్పు, లేకపోతే ఒకే మాట మీద తలా ఒకటి అనుకుంటారు.)

మా రంగంలో జెఫ్ హయట్ అనే ఆయన తెచ్చిన అడ్కార్ అనే పద్ధతి బాగా వాడతారు. మార్పు ఎందుకో తెలియాలి, కావాలని అనిపించాలి, ఎలా చేయాలో తెలియాలి, నిజంగా చేయగలగాలి, చేసింది నిలబడాలి. ఐదు మెట్లు. చాలా ప్రాజెక్టుల్లో డబ్బంతా మూడో మెట్టు మీదే, అంటే ట్రైనింగ్ మీదే పోస్తారు. ఆ పెద్దాయనకి ఎలా చేయాలో తెలుసు, టెస్టులో మంచి మార్కులు కూడా వచ్చాయి. చేయగలగడమే కుదరలేదు. ఆ నాలుగో మెట్టు నా క్లాసుల్లో లేదు బావా, నీ డిజైన్‌లో ఉంది. కంప్యూటర్ ఎక్కడ పెడతావు, ఎన్ని క్లిక్కులు పెడతావు, ఎవరి స్క్రీన్ మీద ఏం చూపిస్తావు అన్నదాంట్లో ఉంది. అందుకే నన్ను డిజైన్ అయ్యాక పిలిస్తే నేను చేయగలిగేది చాలా తక్కువ.

ఇదేమీ కొత్త విషయం కూడా కాదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, మారియన్ అనే ఊళ్లో హార్వుడ్ అని పైజామాలు కుట్టే ఫ్యాక్టరీ ఉండేది. పని పద్ధతి మారినప్పుడల్లా జనం మానేసి వెళ్లిపోతుంటే, ఎందుకో చూద్దామని లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు అక్కడే ఒక ప్రయోగం చేసి 1948లో ప్రచురించారు. ఒక గుంపుకి మార్పు ఎంత చిన్నదో విను: ఇస్త్రీ చేసిన బట్టలు అట్ట మీద పేర్చేవాళ్లు, ఇకనుంచి అదే చోట పెట్టిన పెట్టెలో పేర్చాలి. అంతే. వాళ్లని పిలిచి చెప్పారు, ప్రశ్నలకి జవాబిచ్చారు, పంపించేశారు. 40 రోజుల్లో ఆ గుంపులో 17 శాతం మంది మానేశారు. ఉన్నవాళ్ల పని వేగం పాత స్థాయికి రానేలేదు. మరో రెండు గుంపుల్లో మాత్రం కొత్త పద్ధతి ఎలా ఉండాలో పనిచేసేవాళ్లందరితో కూర్చుని తయారుచేశారు. సలహాలు ఎంత జోరుగా వచ్చాయంటే రాసుకునే స్టెనోగ్రాఫర్‌కి అందుకోవడమే కష్టమైందట. ఆ గుంపులు త్వరగా పాత వేగం అందుకుని, దాన్ని దాటిపోయాయి కూడా. ఒక్కరూ మానలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత జరిగింది. రెండున్నర నెలలకి, మొదటి గుంపులో మిగిలినవాళ్లని మళ్లీ కూడగట్టి ఇంకో కొత్త పనికి మార్చారు. ఈసారి అందరినీ కూర్చోబెట్టుకుని. వాళ్లూ గబగబా అందుకున్నారు. మనుషులు వాళ్లే కదరా! ఎవరైనా "మావాళ్లు మారరు" అంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

ఆ ప్లాంటు తర్వాత నా పని పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు మొదటి డిజైన్ వర్క్‌షాప్ కంటే ముందే షాప్ ఫ్లోర్‌కి వెళ్తాను. ఏ పోస్టులో ఉన్నవాళ్లకి ఏ పని ఆగిపోతుంది, ఏది కొత్తగా నెత్తిన పడుతుంది, ఎవరి చేతిలోంచి ఏం పోతుంది అని రాసుకుంటాను. ఈ చివరిది ఎవరూ అడగరు. తర్వాతి ప్రాజెక్టులో ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు. కాగితాల కాలంలో ఏ తేడా వచ్చినా ముందు ఆయన దగ్గరికే వచ్చేది. కొత్త డిజైన్‌లో అలర్ట్ నేరుగా క్వాలిటీ వాళ్లకి వెళ్తుంది. అంటే తన లైన్‌లో ఏం జరిగిందో తనకంటే ముందు పక్క డిపార్ట్‌మెంట్‌కి తెలుస్తుంది. వర్క్‌షాప్‌లో ఆయన నోరు విప్పలేదు. పెద్దసార్లు ఎదురుగా ఉంటే మనవాళ్లు "సరే సార్" అంటారు తప్ప ఇంకేమీ అనరు, ఆ "సరే"ని డిజైన్ ఓకే అయినట్టు లెక్కేసుకోకు. క్యాంటీన్‌లో టీ తాగుతూ కూర్చుంటే అప్పుడు చెప్పాడు. చెబుతున్నప్పుడు గొంతు మారిపోయింది. ఆ సంగతి డిజైన్ టీంకి చెప్పాను. అలర్ట్ ఒకేసారి ఇద్దరికీ వెళ్లేలా, కారణం మొదట సూపర్‌వైజరే రాసేలా మార్చారు. క్వాలిటీ వాళ్లు కూడా సంతోషించారు, ఎందుకంటే అసలు కారణం తెలిసేది ఆయనకే. తర్వాత ఆ ప్లాంటులో మిగతావాళ్లకి నేర్పింది కూడా ఆయనే.

మరి నీ డిజైన్‌లో నేను వేలు పెడతానా అంటే, లేదు. ఏ డేటాబేస్, ఏ ఇంటిగ్రేషన్ అనేది నీ పని, నాకు చేతకాదు కూడా. జనం అడిగినవన్నీ పెట్టాలనీ అనను. పెట్టకూడనివి ఉంటాయి. కాకపోతే ఎందుకు పెట్టలేదో అడిగినవాళ్లకి వెళ్లి చెప్పాలి. ఆ చెప్పడం చాలా మంది ఎగ్గొడతారు.

ఇక నీ హాస్పిటల్. రోగి మంచం దగ్గరే నర్సులు ట్యాబ్‌లో మందు ఎంట్రీ వేయాలన్నావు. బార్‌కోడ్ స్కాన్ కూడా ఉందన్నావు. ఒక చేతిలో సిరంజి ట్రే, ఇంకో చేత్తో ట్యాబ్, పక్కన అటెండెంట్ "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని పిలుస్తుంటాడు. రిస్ట్‌బ్యాండ్ దుప్పటి కింద ఉంటుంది, పేషెంట్ నిద్రలో ఉంటాడు. అర్ధరాత్రి ఆ స్క్రీన్ వెలుగు వార్డంతా పడుతుంది. ఇవన్నీ నేను ఊహించి రాస్తున్నవే, నువ్వు వెళ్లి చూస్తే ఇంకో పది కనబడతాయి. స్క్రీన్ల బొమ్మలు ప్రింట్ తీసుకెళ్లి వార్డులోనే చూపించు. మేనేజర్లు లేనప్పుడు, సీనియర్ సిస్టర్ని ఒకరినీ, కొత్తగా చేరిన అమ్మాయిని ఒకరినీ విడివిడిగా అడుగు. వాళ్లతోనే గ్లౌజులు వేయించి నడిపించు, నువ్వూ వేసుకో.

కన్సల్టెంట్‌గా నన్నే తీసుకోమని అడగడం లేదురా, ఎవరినైనా తీసుకో. కానీ బుధవారం నీ మొదటి వర్క్‌షాప్‌లో ఆ మనిషికి ఒక కుర్చీ వేయించు.

అన్నట్టు, అక్కడ నర్సుల నైట్ డ్యూటీ ఎన్నింటికి మారుతుంది? హ్యాండోవర్ టైంలో ఆ ట్యాబ్ ఎవరి చేతిలో ఉంటుంది? రేపు కనుక్కొని రాత్రికి ఫోన్ చెయ్. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ